రాని వానకు రిపోర్టరు

"కరువు స్టోరీ బాగుంది గానీ విజువల్స్ డల్‌గా ఉన్నాయి. నేల నెర్రెలిచ్చిన షాట్లు ఒక నాలుగు కొట్టి పంపండి." డెస్కు నుంచి ఫోను. నేనప్పుడు కంబదూరు దాటాక రోడ్డు పక్కన ఒక శెనక్కాయ చేలో నిలబడి ఉన్నా. ఆగస్టు నెల. చుట్టూ కనుచూపు మేర ఎర్రనేల. ఎండి పెంకులా గట్టిపడింది గానీ ఎంత వెతికినా ఒక్క నెర్రె లేదు.

ఉండదు కూడా. మా ఎర్రనేలలో ఇసుక పాలు ఎక్కువ. ఎండితే పైన పొర కడుతుంది, దున్నితే దుమ్మై లేస్తుంది. నెర్రెలివ్వాలంటే బంకమన్ను ఉండాలి. అలాంటి రేగడి కావాలంటే ఉరవకొండ, విడపనకల్లు వైపు పోవాలి, లేదంటే తాడిపత్రి పక్కకు పోవాలి. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చున్న సబ్ ఎడిటరుకు ఈ భూసార శాస్త్రం ఫోనులో చెప్పబోయాను. "ఇవన్నీ వద్దు బ్రదర్, రేపు ఏడున్నర బులెటిన్‌కు కావాలి" అన్నాడు. బండి తిప్పి, దగ్గర్లో ఉన్న ఒక ఎండిన చెరువులోకి దిగాను. చెరువు నడిగడ్డన ఒండ్రుమట్టి ముక్కలు ముక్కలుగా విచ్చుకుని, కెమెరా కోసమే పరిచినట్టుంది. నేల మీద పడుకుని మరీ తీశా. అటుగా గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన్ను పిలిచి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూడమన్నా. ఆయన పాపం చూశాడు. "పైన ఏముండాది సామీ?" అని అడిగాడు కూడా.

మర్నాటి రాత్రి మా జిల్లా కరువు రాష్ట్రమంతా కనిపించింది. అప్పటికి నాకు తట్టలేదు గానీ, తర్వాత చాలా ఏళ్లు ఆ షాట్ నన్ను వెంటాడింది. నెర్రెలున్నాయంటే అక్కడ ఒకప్పుడు నీళ్లు నిలిచాయని లెక్క. నేను చూపించింది నీళ్లున్న చోటు. నీళ్లే ఎరగని చేను మాత్రం టీవీకి పనికిరాలేదు.

టీవీ వార్తల ఉద్యోగం అంటే జరిగిన దాని వెంట పరుగెత్తడం. లారీ బోల్తా పడింది, పోతాం. కొట్టుకున్నారు, పోతాం. మంత్రి వచ్చాడు, ముందే పోయి కూర్చుంటాం. దేనికైనా ఒక వేళ, ఒక చోటు, ఒక చప్పుడు ఉంటాయి. కరువుకు ఇవేవీ లేవు. కరువంటే ఒకటి జరగకపోవడం. వాన రాలేదన్న వార్తను ఏ తేదీ మీద వేయాలి? నిన్న రాలేదనా, ఈరోజు రాలేదనా? ఏ ఊళ్లో రాలేదనాలి? జరిగిన దాన్ని చూపడానికి కనిపెట్టిన పెట్టెను భుజాన వేసుకుని, జరగని దాన్ని చూపించడానికి నేను పద్దెనిమిదేళ్లు తిరిగాను. నా కెరీరు మొత్తం ఒక్క వాక్యంలో చెప్పమంటే ఇదే.

మా అనంతపురం జిల్లా సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఏడాదికి సగటున 552 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే కురిసేసి మా దాకా వట్టి చేతులతో వస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తా మీద కురిసి కురిసి అలిసిపోతాయి. దేశంలో జైసల్మేర్ తర్వాత మేమేనని చిన్నప్పుడు బడిలో కొంచెం గర్వంగానే చెప్పుకునేవాళ్లం. ఇంత తక్కువ వానకు ఓర్చుకుంటుందని శెనక్కాయను నమ్ముకున్నాం. ఉమ్మడి జిల్లాలో ఆ పంట 7 లక్షల హెక్టార్లు దాటిన ఏళ్లున్నాయి.

కెమెరాను మోసం చేయడంలో శెనక్కాయను మించిన పంట లేదు. వరి ఎండితే దూరం నుంచే కనిపిస్తుంది. పత్తికి కాయ లేకపోతే కనిపిస్తుంది. శెనక్కాయకు అంతా నేల లోపలే. పునర్వసులోనో పుష్యమిలోనో పదును వాన పడితే విత్తుతారు. మొలుస్తుంది, పూస్తుంది. పూత తర్వాత ఊడలు దిగాలి. ఆ రోజుల్లో నేల మెత్తగా ఉంటేనే ఊడ లోపలికి దిగి కాయవుతుంది. గట్టిగా ఉంటే ఊడ నేల మీదికొచ్చి, తలుపు తెరవని ఇంటి ముందు చుట్టంలా కాసేపు నిలబడి, ఎండిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడో ఉత్తర కార్తెలో రెండు జల్లులు పడతాయి. చెట్టు మళ్లీ పచ్చబడుతుంది. చేను కళకళలాడుతుంది. కింద ఒక్క కాయ ఉండదు.

అలాంటి చేనొకదాన్ని షూట్ చేసి పంపిన రోజు డెస్కు నుంచి వచ్చిన ప్రశ్న ఇంకా గుర్తుంది. "పచ్చగా ఉంది కదా, కరువని ఎట్లా వేస్తాం?"

న్యాయమైన ప్రశ్నే. నేను ఆ రైతు దగ్గరికి మళ్లీ పోయా. డెబ్బై ఏళ్ల మనిషి. ఆయనకు విషయం చెప్పి, "పెద్దాయనా, ఇది టీవీలో ఎట్ల చూపించేది?" అని అడిగాను. ఆయన ఒంగి ఒక చెట్టు పెరికాడు. మట్టి దులిపి కెమెరా ముందు పెట్టాడు. వేళ్లతో ఊడలు విడదీసి ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "ఒకటి. ఇది దిగలేదు. రెండు. ఇదీ దిగలేదు. మూడు..." పదకొండు దాకా లెక్కపెట్టాడు. తర్వాత ఇంకో చెట్టు పెరికాడు. మళ్లీ ఒకటి నుంచి. నేను ఆపలేదు. ఆ షాట్ ఆరు నిమిషాలు. నా మొత్తం ఉద్యోగంలో నేను చేసిన మంచి పని అదేనని ఇప్పటికీ అనుకుంటా. కరువు తన నోటితో తాను లెక్క చెప్పుకున్నట్టుంటుంది. టీవీలో వచ్చింది ఎనిమిది సెకన్లు. మిగతా దాని మీద వయొలిన్ వేసి, చెరువు నెర్రెల పాత షాట్ అతికించారు.

నేనీ పనిలోకి రావడానికి గొప్ప ఆశయమేమీ లేదు. 1995లో ఈటీవీ వచ్చినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా. అప్పటిదాకా వార్తలంటే సాయంత్రం దూరదర్శన్. 2003 చివర్లో ఈటీవీ2, ఆ వెంటనే 2004లో టీవీ9 వచ్చేసరికి రోజుకు ఇరవై నాలుగ్గంటలు వార్తలు కావాల్సి వచ్చాయి. అంత వార్త ఎక్కడ దొరుకుతుంది? జిల్లాల్లో. జిల్లాలో జీతమిచ్చి పెట్టుకునే స్టాఫ్ రిపోర్టరు ఒక్కడు. డివిజన్‌కో నియోజకవర్గానికో ఒక స్ట్రింగరు. ఆ స్ట్రింగర్లలో నేనొకణ్ని. పలానా చానల్ అని పేరు చెప్పను, నేను మారిన మూడింటిలోనూ కథ ఒకటే కాబట్టి.

కెమెరా నాది, బండి నాది, పెట్రోలు నాది. చానల్ వాళ్లు ఇచ్చేది మైకుకు తొడిగే లోగో. దాన్ని మేం ముద్దుగా గొట్టం అంటాం. మినీ డీవీ క్యాసెట్ కవర్లో పెట్టి, సాయంత్రం హైదరాబాద్ బస్సు డ్రైవరు చేతిలో పెట్టి, బస్సు నంబరు డెస్కుకు ఫోన్ చేసి చెప్పేవాణ్ని. తెల్లారి ఎవరో వచ్చి తీసుకునేవాళ్లు. కొన్నిసార్లు తీసుకునేవాళ్లు కాదు. ఆ క్యాసెట్లు ఏ డిపోలో ఏ సీటు కింద పడి ఉన్నాయో.

డబ్బు లెక్క చాలా సరళం. కథనం వేస్తే ఇస్తారు, వేయకపోతే లేదు. లారీ బోల్తాకు డబ్బొస్తుంది, వాన రాలేదన్న దానికి రాదు. పండగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనల టార్గెట్ వేరే. పొద్దున ఎవరిని నిలదీయాలో సాయంత్రం వాళ్లింటికే ఉగాది యాడ్ కోసం పోవాలి. పోయాను. ఆ మాట దాచి ఈ వ్యాసం రాస్తే అబద్ధమవుతుంది. మా ఆవిడ అంగన్‌వాడీ జీతం లేకపోతే ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఒకసారి మా నాయన నా లెక్కల పుస్తకం చూశాడు. పెట్రోలుకు ఇంత, క్యాసెట్లకు ఇంత, వచ్చింది ఇంత. చూసి పుస్తకం మూసి, "నువ్వూ శెనక్కాయే పెట్టినావు గదరా" అన్నాడు.

జరగని దాన్ని చూపించలేనప్పుడు రిపోర్టరేం చేస్తాడు? జరిగే దాని కోసం వెతుకుతాడు. కరువు చుట్టూ జరిగేవి చాలా ఉంటాయి, అన్నీ బ్రహ్మాండమైన విజువల్సే. కప్పల పెళ్లి. గాడిదల పెళ్లి. గుళ్లో విరాటపర్వం పారాయణం. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని బోరు పాయింటు చూసే ఆయన. తమిళనాడు బోరు బండి రాత్రంతా రొద చేసి, తెల్లారేసరికి చేను నిండా తెల్లటి బండపొడి పోసి పోవడం. వీటిలో దేన్ని పంపినా పడేది. బాగా పడేది.

జూన్ వస్తే వజ్రకరూరు. తొలకరి జల్లుకు పైమట్టి కొట్టుకుపోతే వజ్రాలు బయటపడతాయని ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో తలొంచుకుని తిరుగుతారు. అక్కడ నేల అడుగున వజ్రాలుండే రాతి గొట్టాలున్న మాట నిజమే. ఏటా ఎవరికో ఒకరికి దొరికిందని చెప్పుకోవడమూ నిజమే. ఆ వారం చానళ్లన్నీ మా జిల్లాలోనే ఉంటాయి. అదే జల్లుకు పక్క చేలో గుంటక తోలుకునే రైతు, విత్తాలా వద్దా, ఈ పదును చాలుతుందా, మళ్లీ వానెప్పుడు అని తేల్చుకుంటూ ఉంటాడు. విత్తనం, ఎరువు, సేద్యం కలిపి వజ్రాల కోసం వచ్చినవాళ్ల కంటే వాడు మట్టిలో పారేసేది ఎక్కువ, వెతుక్కునేది ఎక్కువ. వజ్రాల వేట అంటే అదే. కానీ దానికి స్క్రోలింగ్ లేదు.

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లికి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టారు. దేశంలో ఆ పథకం మొదలైంది మా దగ్గరే. ఢిల్లీ కెమెరాలు ముందు వరుసలో, మేం తాడు అవతల. అయినా గర్వంగానే అనిపించింది. వారం తర్వాత, ఆ హడావుడి పోయాక పనులెలా జరుగుతున్నాయో తీద్దామని మళ్లీ పోయా. గట్లు వేస్తున్నారు, మట్టి మోస్తున్నారు. వాన పడితే ఆ గట్టు దగ్గర నీళ్లు నిలుస్తాయి, పడకపోయినా ఆ వారం కూలి వస్తుంది. ఈ జిల్లాకు సంబంధించి అంతకంటే పెద్ద వార్త ఆ పదేళ్లలో లేదంటాను. ఆ క్యాసెట్ వాడలేదు.

2016 ఆగస్టులో పంట ఎండుతుంటే ప్రభుత్వం రెయిన్ గన్లు దించింది. గన్ను తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటే, ఎండ సరైన కోణంలో ఉంటే, అందులో చిన్న ఇంద్రధనుస్సు వస్తుంది. ఆ షాట్ కోసం మేం పోటీలు పడ్డాం. ఎంత మేరకు తడిసింది, ఎన్ని చేలు బతికాయి అన్నది తర్వాత ఎవరూ అడగలేదు, నన్ను కూడా కలుపుకొని.

ప్రభుత్వానికీ మాకూ ఒక్క విషయంలో పోలిక ఉంది. వాళ్లకూ జరగని దాన్ని కొలవడం కష్టమే. వాతావరణ బీమా వచ్చాక వర్షమాపకం మండల కేంద్రంలో పెట్టారు. మేఘం వచ్చి సరిగ్గా ఆ గరాటు మీద నాలుగు చుక్కలు వేసి పోయిందంటే, ఎనిమిది మైళ్ల అవతల ఒక్క చినుకూ పడని ఊరికి కూడా వాన పడినట్టే లెక్క. కరువు మండలాల జాబితా పంట పోయాకే వస్తుంది. జిల్లాలోని 63 మండలాలూ ఆ జాబితాలో ఉన్న ఏళ్లున్నాయి. జీవో వచ్చిన రోజు మాత్రం మాకు పండగ. ఎందుకంటే దానికి తేదీ ఉంటుంది, నంబరుంటుంది. "అనంతలో కరువు" అని ఆ రోజు బ్రేకింగ్ వేస్తారు. చేలో అది వచ్చి మూడు నెలలైంటుంది.

ఇక అసలు విషయం. దీన్ని ఎక్కువసేపు దాటవేయలేను. కరువు సంఘటనగా మారేది ఒక్క సందర్భంలోనే. మనిషి చనిపోయినప్పుడు. అప్పుడు వేళ ఉంటుంది, చోటు ఉంటుంది, ఏడుపు ఉంటుంది. డెస్కు తానే ఫోన్ చేస్తుంది. 2004 జూన్‌లో 421 నంబరు జీవో వచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర సాయం. అందులో యాభై వేలు అప్పులు తీర్చడానికి. అధికారులు వచ్చి విచారించేవాళ్లు. పాసుపుస్తకం, అప్పు కాగితాలు, పోస్టుమార్టం రిపోర్టు అడిగేవాళ్లు. చచ్చిపోయింది అప్పులకేనని ఋజువు కావాలి. మేమూ అదే ఇంట్లో, అదే మంచం పక్కన, ఇంచుమించు అవే ప్రశ్నలు అడిగేవాళ్లం. చేతిలో గొట్టం ఒకటే తేడా.

ఒక ఊరికి అలా పోయాను. పేరు వద్దు. ఇంటామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను మైకు పెట్టి, నోరు తెరిచేలోపే నన్ను చూసి, "మీరు గాడిద పెండ్లికి వచ్చినోళ్లు గదా సార్" అంది. నిజమే. అంతకు నెల ముందు అదే ఊళ్లో గాడిదల పెళ్లి తీసుకుపోయా. ఆ రోజు బాగా పడింది కూడా, రెండు బులెటిన్లలో వేశారు. "ఆ పొద్దు గాడిదను పట్టుకున్యాడు చూడు, ఆయప్పే" అంది.

బైట్ తీసుకోకుండానే వచ్చేశాను అని రాస్తే బాగుంటుంది. తీసుకున్నాను. ఏడున్నరకు పడింది. ఫొటో కావాలంటే పాసుపుస్తకం మీదిది ఇచ్చారు, ముఖం మీద సగం స్టాంపు ఉంది. ఇంట్లో ఇంకో ఫొటో లేదు.

రాత్రి ఇంటికొచ్చి పాత క్యాసెట్ పెట్టి చూశా. అప్పట్లో నాకో అలవాటుండేది. డెస్కుకు కాపీ పంపి, తీసిన రష్ నా దగ్గరే ఉంచుకునేవాణ్ని. అందులో ఉన్నాడు. గాడిద ముందుకు కదలకపోతే తాడు పట్టి లాగుతూ, ఎవరో ఏదో జోకు వేస్తే తల వెనక్కి వాల్చి నవ్వుతున్నాడు. మెడలో పెళ్లిదండ, గాడిదకు వేసిందే మళ్లీ ఎవరో తీసి ఆయన మెడలో వేశారు. వెనక ఆయన చేనే అనుకుంటా, పచ్చగా ఉంది. మూడు నిమిషాల చిల్లర. నవ్వుతున్న రైతు కాబట్టి అది కరువు కథలో వాడలేదు.

వాన ఎక్కువైనప్పుడు మాత్రం మమ్మల్ని ఎవరూ వెయిటింగ్‌లో పెట్టలేదు. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర ఏట్లో జేసీబీ మీద పది మంది చిక్కుకుపోతే వైమానిక దళం హెలికాప్టరు వచ్చి తీసుకుపోయింది. దేశమంతా చూసింది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి. పద్దెనిమిదేళ్లలో ఓబీ వ్యాన్ కావాలని నేనడిగితే రాలేదు, ఆ రోజు అడక్కుండానే వచ్చింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి లైవ్ ఇచ్చా. "అనంతపురంలో ఇంత వరదా!" అని యాంకరు ఆశ్చర్యపోయింది. ఆమె తప్పు లేదు. ఆ మాటకొస్తే మా ఊరి గురించి తెలుగువాళ్లందరికీ తెలిసిన పాత కథ కూడా వరద కథే. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ముసలమ్మ బలి అయిన కథ. కట్టమంచి రామలింగారెడ్డి దాన్నే కావ్యం చేశారు. దేశంలోనే వాన తక్కువ పడే చోట కావ్యం పుట్టించింది నీళ్లు ఎక్కువైన ఒక్క రాత్రి. నీళ్లు లేని వందల ఏళ్లకు అలాంటి ఒక్క రాత్రి దొరకలేదు.

ఇది మా జిల్లా ఖర్మ ఒక్కటే కాదు. 1984లో ఇథియోపియాలో కరువుతో జనం నెలల తరబడి చస్తున్నారు. బీబీసీ విలేకరి మైకేల్ బర్క్, కెన్యా కెమెరామన్ మొహమ్మద్ అమీన్ తీసిన కథనం అక్టోబరు 23న ప్రసారమయ్యాక ప్రపంచం ఒక్కసారి ఉలిక్కిపడింది. విరాళాలు, పాటలు, మరుసటి ఏడాది జూలైలో లైవ్ ఎయిడ్ కచేరీ. అంత గొప్ప రిపోర్టు నేను జన్మలో చేయలేను. అయితే వాళ్లు తీసింది కూడా వాన రాకపోవడాన్ని కాదు. దాని చిట్టచివరి మెట్టును, శిబిరాల్లో శవాలను. అమర్త్యసేన్ వాదన చాలామంది వినే ఉంటారు. స్వేచ్ఛగా రాసే పత్రికలున్న ప్రజాస్వామ్యంలో మహాక్షామాలు రావంటాడాయన. దానితోపాటే ఇంకో మాట కూడా అన్నాడు, అది ఎవరూ పట్టించుకోరు. ప్రాణాలు తీసే క్షామం మీద పత్రికలు గగ్గోలు పెడతాయి గానీ, ఏళ్ల తరబడి కడుపు సగమే నిండే బతుకు వాటికి వార్తగా కనిపించదని. తాతముత్తాతల కాలం నాటి ధాత కరువులో మా సీమలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడలా పోవు. బెంగళూరు బస్సెక్కి పోతాయి. ఇంటికి తాళం వేసి ఉంటుంది. తాళానికి బైట్ ఉండదు.

విద్వాన్ విశ్వం గారు పుట్టింది మా తరిమెలలో. వృత్తి పత్రికారచన. ఆంధ్రప్రభ వారపత్రిక నడిపినవాడు, మాణిక్యవీణ శీర్షిక రాసినవాడు. వార్తంటే ఏమిటో ఆయనకంటే తెలిసినవాడు ఎవరు? అంతటివాడు పెన్నేటి కరువు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు వార్త రాయలేదు. పెన్నేటి పాట రాశాడు. రంగణ్ని, గంగమ్మను పెట్టి కావ్యం చేశాడు. సింగమనేని నారాయణ గారు శెనక్కాయ సేద్యం గురించి 'జూదం' కథ రాశారు. నా ఇన్నేళ్ల క్యాసెట్లన్నీ ఒక పక్క పెడితే, ఆ ఒక్క కథ ఇంకో పక్క బరువు తూగుతుంది. కథకు ఆ వీలుంది. ఎదురుచూపు మీద కథ నడుస్తుంది. ఎదురుచూపు మీద బులెటిన్ నడవదు. తెర మీద పది సెకన్లు ఏమీ కదలకపోతే జనం చానల్ మార్చేస్తారని మాకు మొదటి రోజే నేర్పుతారు.

నడిమివంక వరద తర్వాత గొట్టం తిరిగిచ్చేశా. పెద్ద కారణమేమీ లేదు, నడుము నొప్పి. ఇప్పుడు కుర్రాళ్లు సెల్‌ఫోనుతోనే అంతా కానిచ్చేస్తున్నారు. బస్సు డ్రైవరుతో పని లేదు. ఎవరి యూట్యూబ్ చానల్ వాళ్లది. గొట్టం కూడా సొంతంగా చేయించుకుంటున్నారు. జిల్లా కూడా మారింది. హంద్రీ-నీవా నీళ్లు 2012లో జీడిపల్లికి వచ్చాయి. 2019లో పెనుకొండ దగ్గర కియా కారు బయటికొచ్చింది. చీనీ, దానిమ్మ, అరటి లారీలు ఢిల్లీ పోతున్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లా కూడా రెండైంది, 31 మండలాలు మాకు, 32 సత్యసాయి జిల్లాకు. మంచిదే. నీళ్లొచ్చిన చోట మనుషుల ముఖాల్లో తేడా నా కళ్లతో చూశా. అయితే వాన మాత్రం పాత సగటు మీదే ఉంది. కాలువకు ఎగువనున్న చేలు ఇప్పటికీ పుబ్బ కార్తె వైపే చూస్తున్నాయి. కరువు పాతబడిపోయింది, అంతే. "సార్, కరువు స్టోరీకి వ్యూస్ రావడం లేదు" అన్నాడు మొన్న ఒక కుర్రాడు. పాపం వాడి కష్టం వాడిది. నెర్రెల షాట్ కావాలంటే ఎక్కడ దొరుకుతుందో చెప్పా. చెప్పకుండా ఉండాల్సింది.

మా ఇంట్లో అటక మీద ఒక బిస్కట్ల అట్టపెట్టె ఉంది. అందులో 43 క్యాసెట్లున్నాయి. కొన్నిటి మీద నా చేతిరాతతో 'కరువు - వాడలేదు' అని ఉంది. ఊడలు లెక్కపెట్టిన పెద్దాయన అందులోనే ఉన్నాడు. బండ్లపల్లి గట్లూ ఉన్నాయి. గాడిద తాడు పట్టుకుని నవ్విన ఆయనా ఉన్నాడు. ఆయన కొడుక్కి అప్పుడు మూడేళ్లు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఎవరో చెప్పారట, మీ నాయన గాడిద పెండ్లి రోజు టీవీలో వచ్చినాడని. నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. "సార్, మా నాయన నవ్వుతా ఉన్నాడంట గదా అందులో, ఒకసారి చూడొచ్చా?" అని అడిగాడు.

నా కెమెరా హెడ్డు పోయి చాలా ఏళ్లైంది. అనంతపురంలో పాత పెళ్లి వీడియో షాపులన్నీ తిరిగా, ఎవరి దగ్గరా లేదు. క్యాసెట్‌కు బూజు పట్టకముందే చూడాలి. మీలో ఎవరి దగ్గరైనా పనిచేసే మినీ డీవీ ప్లేయరు గానీ, పాత హ్యాండీకామ్ గానీ ఉంటే ఈ పత్రికకు ఒక కార్డు ముక్క రాయండి. నేనే వచ్చి తీసుకుని, పని కాగానే భద్రంగా తిరిగిస్తాను.